ఖర్చుకు తక్కువగా బేరము వచ్చినప్పుడు

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతముల రైతు సోదరులు తక్కువ ధర వినగానే "మాకు పడిన ఖర్చే అంతకు మించినది" అని బేరము విడిచిపెట్టుట కలదు. కొన్ని వేళల అది సరియే. కొన్ని వేళల చేతికి వచ్చు సొమ్మును కాలదన్నుకొనుటయే అగును. లెక్క వేసినగాని ఏది ఏదో తేలదు.

ప్రొద్దుటూరు వద్ద కొందరు రైతులు కలిసి వేరుసెనగ గింజలు కూలికి ఆడుటకు కరెంటు గానుగ పెట్టినారనుకొనుడు. (అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీవి మీరు వేసికొనవలెను.) షెడ్డు బాడుగ, బ్యాంకు కంతు, కాపలావాని జీతము కలిసి నెలకు 24,000 రూపాయలు. గానుగ ఆడినను ఆడకున్నను ఇవి తప్పవు. కరెంటు, కూలీలు, వడపోత గుడ్డ మొదలగు వాటికి క్వింటాలుకు 300. గానుగ నెలకు 100 క్వింటాళ్లు ఆడగలదు. వచ్చుచున్నది 60 మాత్రమే. తప్పని ఖర్చును 60కి పంచిన 400. వెరసి క్వింటాలుకు 700. పుచ్చుకొను కూలి 800. నెలకు 6,000 మిగులుచున్నది.

ఇంతలో జమ్మలమడుగు వర్తకుడొకడు ఈ నెలకు 30 క్వింటాళ్లు తెచ్చెదనని, 550 మాత్రమే ఇచ్చెదనని అడిగినాడు. 700 పడుచుండగా 550కి ఎట్లు ఆడుదుమని సంఘములో కొందరు అందురు. ఆ 700లో 400 ఇదివరకే 60 క్వింటాళ్లు మోయుచున్నవి. కొత్త సరుకు వలన ఒక్క రూపాయియు పెరుగదు. పెరుగునది 300 మాత్రమే. క్వింటాలుకు 250 చొప్పున 7,500 లాభము. మిగులు 13,500 అగును.

వర్తకుడు 50 క్వింటాళ్లు తెచ్చినచో? ఖాళీ ఉన్నది 40కే. తక్కిన 10కి పాత ఖాతాదారులను త్రిప్పి పంపవలెను. 12,500 వచ్చును గాని, క్వింటాలుకు 500 చొప్పున 5,000 పోవును. నికరము 7,500. 40కే ఒప్పుకొన్నచో 10,000 దక్కును.

అసలు భయము వేరొకటి. 550 మాట ఊరిలో పొక్కి పాతవారందరును అదే కూలి అడిగినచో, 60 క్వింటాళ్ల మీద 15,000 పోవును. అప్పుడు 6,000 మిగులు పోయి 1,500 నష్టము వచ్చును. కావున ఇట్టి బేరము ఒక నెలకేనని కాగితము మీద వ్రాయించుకొనుట మేలు. పాతవారికి తెలియక మానదనిపించినచో వదలుకొనవలెను.

పులివెందుల అరటికిని ఇదియే లెక్క. పిలకలకు, ఎరువులకు, డ్రిప్పుకు పెట్టినది పెట్టుటయైనది. పక్వమునకు వచ్చిన గెల ఆగదు. టన్నుకు 7,000 పడిన తోటకు 5,000 అడిగినారు; కోత, మోతలకు మీకు 1,500 అగును. వేరే కొనుగోలుదారు లేనిచో అమ్మినందున 3,500 వచ్చును, అమ్మకున్నచో సున్న. ఇద్దరిని ముగ్గురిని అడుగక మాత్రము ఒప్పుకొనరాదు.

జమ్మలమడుగు నల్లరేగళ్ల సెనగ అట్లు కాదు, నిలువ యుండును. అక్కడ పోల్చవలసినది పడిన ఖర్చుతో కాదు. గిడ్డంగి బాడుగ, వడ్డీ, తరుగు పోగా తరువాత రాగల ధరతో. ప్రభుత్వ మద్దతు ధర (2025-26 రబీ మార్కెట్ కాలమునకు క్వింటాలుకు 5,650) ఆ పోలికకు పనికివచ్చును, కొనుగోలు కేంద్రము మీ సరుకు తీసికొన్నప్పుడే.

ఇక విత్తుటకు ముందు కుదుర్చుకొను బేరమునకు ఈ సడలింపు వర్తించదు. అప్పటికి కౌలు, విత్తనము, సేద్యము ఏదియు ఖర్చుకాలేదు. పైరు వేయకున్నచో అవన్నియు మిగులును. ఆనాడు ధర మొత్తము ఖర్చుకు పైన ఉండి తీరవలెను.