అందరికీ పని కుదిరేలా ఆఫీసును మార్చే ఉద్యోగం

గురుగ్రామ్, నోయిడాల్లోని బహుళజాతి కంపెనీల్లో ‘డిజెబిలిటీ ఇన్‌క్లూజన్’ అనే పని ఒకటుంది. కొన్నిచోట్ల దానికంటూ ఓ మనిషి ఉంటారు, చాలాచోట్ల హెచ్‌ఆర్‌లో ఎవరో ఒకరు మిగతా పనులతోపాటు చూస్తుంటారు. దివ్యాంగులు ఉద్యోగంలో చేరడానికి, చేరాక నిలదొక్కుకుని ఎదగడానికి కంపెనీ ఏమేం మార్చుకోవాలో తేల్చాలి. ఆ మార్పులకు ఎంత డబ్బు, ఎప్పటిలోగా, ఎవరి బాధ్యత అన్నది కాగితం మీద పెట్టించాలి. ఎంబీఏ, ఎంఎస్‌డబ్ల్యూ, లా, ఆర్కిటెక్చర్, కంప్యూటర్స్... ఏది చదివినవారికైనా ఇందులో చోటుంది. వైకల్యంతోనే ఇంతవరకూ చదువుకుంటూ వచ్చినవారికైతే మరీనూ. అడ్డంకి ఎక్కడుందో వారికి ఒకరు చెప్పక్కర్లేదు.

ముందుగా చట్టం చదవండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు కాబట్టి ఈ చట్టంతో మాకేం పని అనుకునే మేనేజర్లు మీకు తప్పక తగులుతారు. కానీ 21వ సెక్షన్ ప్రకారం ప్రైవేటుతో సహా ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి, దాని ప్రతిని దివ్యాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. ఉద్యోగులు 20 మంది, ఆపైన ఉంటే లైజన్ అధికారిని నియమించాలి. దేశ రాజధాని ప్రాంతమైన ఎన్‌సీఆర్‌లో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఆఫీసులు ఢిల్లీలో, గురుగ్రామ్‌లో, నోయిడాలో ఉంటే అవి మూడు ప్రభుత్వాల కిందికి వస్తాయి, కమిషనర్లూ ముగ్గురే. మ్యాపులో అరగంట దూరమే అయినా ఫైలు మాత్రం వేరు.

ఆ సమాన అవకాశాల విధానంలో దివ్యాంగులకు తగిన పోస్టుల జాబితా కూడా ఉండాలని నియమాలు చెబుతున్నాయి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. చూపు లేనివారికి ఫోన్ల పని, వినపడనివారికి డేటా ఎంట్రీ అంటూ కూర్చున్నచోటే నింపేస్తారు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు చూపు లేదని ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వబోమన్నారు. ఆయన పోరాడి సాధించుకుని చదివారు, అమెరికాలో ఎంఐటీకి వెళ్లారు, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఆ రోజు ‘తగిన గ్రూపుల’ జాబితా రాసినవాళ్ల మాటే నెగ్గి ఉంటే ఈ కథ ఉండేదే కాదు. అందుకే జాబితా రాసేముందు ప్రతి పోస్టులో అసలు పనేమిటో విడదీసి చూడాలి. డ్రైవింగ్ లైసెన్సు, టూ వీలర్ లాంటి షరతులు పనికి నిజంగా అవసరమా, అలవాటుగా వస్తున్నాయా అని టీము లీడరును పక్కన కూర్చోబెట్టుకుని అడగాలి. నా దృష్టిలో మొత్తం వ్యూహంలో ఇంతకు మించిన పని లేదు.

బహుళజాతి సంస్థ కాబట్టి పైనుంచి ప్రపంచ విధానం ఒకటి వస్తుంది. దాన్ని యథాతథంగా ఇక్కడ అతికిస్తే కుదరదు. జర్మనీలో 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో 5 శాతం కోటా ఉంది. బ్రెజిల్‌లో 100 మంది, ఆపైన ఉంటే సంస్థ పరిమాణాన్నిబట్టి 2 నుంచి 5 శాతం. మనదేశంలో ప్రైవేటుకు అలాంటి కోటా లేదు, ప్రభుత్వోద్యోగ రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్య ధ్రువపత్రం కావాలి. అలాగని ఆఫీసులో కావలసిన వెసులుబాటుకూ అదే గీత గీయకూడదు. 2021లో వికాశ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. రైటర్స్ క్రాంప్‌తో చేతిరాత సాగని సివిల్స్ అభ్యర్థికి 40 శాతం పత్రం లేకపోయినా స్క్రైబ్‌ను ఇవ్వాలంది. వైకల్య కార్డు చూపించమంటూ మొదలుపెట్టే హెచ్‌ఆర్ ముందు ఎవరూ నోరు విప్పరు. చెబితే ప్రమోషన్ ఆగిపోతుందేమోనన్న భయంతో వినికిడి సమస్యను, మానసిక అనారోగ్యాన్ని దాచుకుని నెట్టుకొచ్చేవారు ప్రతి ఫ్లోరులోనూ ఉంటారు. కొత్తవారిని ఎంతమందిని తీసుకోవాలన్న లెక్కకు ముందు వీరి నమ్మకం సంపాదించాలి.

ఇవాళే మీరు చేసి చూడదగ్గ పని ఒకటి చెబుతాను. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. దాన్ని కంప్యూటర్లో వేసుకుని, మౌస్ పక్కనపెట్టి, ఏదైనా పెద్ద కంపెనీ కెరీర్ పేజీలో ట్యాబ్ నొక్కుతూ దరఖాస్తు నింపడానికి ప్రయత్నించండి. పేరు పెట్టని బటన్ మీదికి రాగానే అది ‘బటన్’ అని ఊరుకుంటుంది. రెజ్యూమె అప్‌లోడ్ చేసేదా, దరఖాస్తు రద్దు చేసేదా తెలియదు. చివర్లో బొమ్మలోని అక్షరాలు టైపు చేయమంటూ క్యాప్చా వస్తుంది, వినే వీలు లేకపోతే దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. దొరకడం లేదని కంపెనీ అనుకుంటున్న అర్హత గల అభ్యర్థి ఆ పేజీలోనే చిక్కుకుని ఉండవచ్చు. ఎక్కడెక్కడ ఆగిపోయారో రెండు పేజీల్లో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో చూపడానికి సర్టిఫికెట్ల కంటే అది గట్టిది.

ఎన్‌సీఆర్‌లో చూసి నేర్చుకోదగ్గ సంస్థ లెమన్ ట్రీ హోటళ్లు. 2004లో గురుగ్రామ్‌లో తొలి హోటల్ తెరిచిన ఈ సంస్థ, 2007 నుంచి వినికిడి, మాట లోపం ఉన్నవారిని తీసుకుంటోంది. తర్వాత డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికీ తలుపు తెరిచింది. తోటి సిబ్బందికి సైగల భాష నేర్పించింది. కొత్తగా వచ్చిన ఒక్కరిని మార్చే బదులు చుట్టూ ఉన్న పదిమందికి తర్ఫీదు ఇవ్వడం ఇందులోని కిటుకు.

చట్టం వైపు నుంచి వచ్చేవారు రాజీవ్ రాతూరి కేసు చదవాలి. చూపు లేని ఆయన 2005లో వేసిన పిటిషన్‌పై 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అందుబాటు ప్రమాణాలను సలహాల స్థాయిలో వదిలేసిన నియమాన్ని తప్పుపట్టి, తప్పనిసరి ప్రమాణాలను 3 నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు క్షేత్ర నివేదిక తయారుచేసి ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే.

సైగల భాషా దుబాసీలుగా మారాలనుకునేవారికి ఢిల్లీలోని ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్‌లో డిప్లొమా ఉంది. టెక్నాలజీ వైపు వారికి అందుబాటు నిపుణుల అంతర్జాతీయ సంఘం ఐఏఏపీ పెట్టే సీపీఏసీసీ పరీక్ష విలువైనది. విధానాలు, ఉద్యమం నేర్చుకోవాలంటే దివ్యాంగుల ఉపాధి కోసం 1996 నుంచి ఢిల్లీలో పనిచేస్తున్న ఎన్‌సీపీఈడీపీ ఉంది, దాన్ని చాలా ఏళ్లు నడిపిన జావేద్ అబిదీ చక్రాల కుర్చీలోంచే ఈ పోరాటాలు చేశారు. ఐక్యరాజ్యసమితి సంస్థల ఢిల్లీ కార్యాలయాల మీద కన్నున్నవారు, సమితి 2019లో తెచ్చిన వైకల్య వ్యూహాన్ని, అందులోని 15 కొలమానాలను చదివి వెళ్లండి.

ఆఫర్ చేతికొచ్చాక ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. స్క్రీన్ రీడర్, క్యాప్షన్లు, దుబాసీ, క్యాబ్... వీటి ఖర్చు ఎవరి పద్దులోంచి? ఆయా టీముల బడ్జెట్లోంచే అంటే ప్రతి మేనేజరూ దివ్యాంగ అభ్యర్థిని చూడగానే ముందు ఖర్చు లెక్కేసుకుంటాడు. కంపెనీ మొత్తానికి ఒకే నిధి ఉంటే ఆ ఆలోచనే రాదు. అలాంటి నిధి లేదంటే, చేరిన తొలి త్రైమాసికంలోనే దాన్ని పెట్టించే అధికారం మీకుంటుందా అని అడిగి, ఆ జవాబు మెయిల్‌లో తీసుకోండి.