అమ్మమ్మ వెనక తిరుమల గోపురం: ఫోటో కత్తిరించి అతికించడంలో అసలు పని ఏది?



తిరుమల ఆలయం లోపలికి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లనివ్వరు. అందుకే మనలో ఎవరింట్లోనూ స్వామి ఎదురుగా నిలబడి దిగిన ఫోటో ఉండదు. ఎక్కడైనా గోడ మీద కనిపిస్తే, అది కత్తిరించి అతికించినదే అని అర్థం.

ఈ కోరిక మన ఫోన్లతో పుట్టింది కాదు. రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారా శ్రీనాథ్‌జీ క్షేత్రం. ఫోటోగ్రఫీ వచ్చాక అక్కడి చిత్రకారులు ఒక పద్ధతి పట్టుకున్నారు. భక్తుల ఫోటోల్లోంచి ముఖాలు కత్తిరించి పటం మీద అతికించేవారు. కింద శరీరం, బట్టలు రంగులతో వేసేవారు. మధ్యలో శ్రీనాథ్‌జీ, పక్కన చేతులు జోడించిన కుటుంబం. అలాంటి చిత్రాలని 'మనోరథం' అంటారు. తెలుగులోనూ అదే మాట, అదే అర్థం: మనసులోని కోరిక. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఉదాహరణకి నేను ఈ మధ్య చేసిన ఒక ఫోటో తీసుకుంటాను. అమ్మమ్మ సంవత్సరీకానికి ఫ్రేమ్ కట్టించాలని అమ్మ అడిగింది. ఉన్న మంచి ఫోటో ఒక్కటే, అదీ ఫంక్షన్ హాల్లో కుర్చీలో కూర్చున్నప్పుడు తీసింది. వెనక ప్లాస్టిక్ కుర్చీలు, పక్కన ఎవరిదో భుజం. "వెనక గోపురం పెట్టరా, కొండకి వెళ్లాలని ఎంతో అనుకుంది, కుదరనే లేదు" అంది అమ్మ.

1. ముందు ఒరిజినల్ సంపాదించండి

వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో క్వాలిటీ తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి. ఆల్బమ్‌లో ఉంటే ఫోన్‌తో తీయకుండా స్కాన్ చేయించండి. 8×10 అంగుళాల ప్రింట్ 300 డీపీఐలో బాగా రావాలంటే 2400×3000 పిక్సెల్స్ కావాలి. అంత లేకపోతే చిన్న ఫ్రేమ్ కట్టించండి, తప్పేం లేదు.

2. చెరపకండి, కప్పండి

కొత్తవాళ్లు ఎరేజర్‌తో వెనకభాగం చెరిపేస్తారు. చెరిపింది మళ్లీ రాదు. దానికి బదులు లేయర్ మాస్క్ వాడండి. ఉచితంగా దొరికే జింప్‌లో కూడా ఉంది. మాస్క్ మీద నలుపు పూస్తే ఆ భాగం దాక్కుంటుంది, తెలుపు పూస్తే తిరిగి కనిపిస్తుంది, బూడిదరంగు పూస్తే సగం సగం.

ఆ సగం సగమే అసలు విషయం. వెంట్రుక దగ్గర ఒక పిక్సెల్‌లో 40 శాతం జుట్టు, 60 శాతం వెనక గోడ ఉండొచ్చు. ఎంత శాతం మనిషిది అని చెప్పే అంకెని 'ఆల్ఫా' అంటారు. మామూలు ఫైల్‌లో అది 0 నుంచి 255 వరకు ఉంటుంది. పొరల్ని ఒకదాని మీద ఒకటి పేర్చే ఈ లెక్కని పోర్టర్, డఫ్ అనే ఇద్దరు 1984లో ఒక పేపర్‌లో క్రమంగా రాశారు. ఇవాళ్టికీ మన యాప్‌లన్నీ ఆ దారిలోనే వెళ్తాయి.

ఫోన్‌లో ఒక్క టచ్‌తో కట్ అయిపోతుంది కదా అంటారా? అవుతుంది. కానీ అది ఒక అంచనా మాత్రమే. తడబడే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే: తెల్లగోడ ముందు నెరిసిన జుట్టు, కొప్పులో పూలు, చెవి దుద్దులు, చేతికీ నడుముకీ మధ్య ఖాళీ, పల్చటి పైట అంచు. కళ్లజోడైతే అద్దాల్లోంచి పాత బ్యాక్‌గ్రౌండ్ కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి మొదటి కటింగ్ ఫోన్‌కి వదిలేసి, ఈ చోట్లు 200 శాతం జూమ్‌లో మీరే సరిచేయండి. అంచు చుట్టూ పాత గోడ రంగు గీతలా మిగిలితే మాస్క్‌ని ఒకటి రెండు పిక్సెల్స్ లోపలికి జరపండి. సేవ్ చేసేటప్పుడు పీఎన్‌జీ. జేపీజీలో పారదర్శకత నిలవదు.

3. వెలుగు కలవాలి

కటింగ్ ఎంత బాగున్నా "అతికించినట్టుంది" అనిపించడానికి పెద్ద కారణం వెలుగు. ముక్కు నీడ ఏ వైపు పడిందో చూడండి. వెలుగు ఎటు నుంచి వచ్చిందో అదే చెప్తుంది. అమ్మమ్మ ఫోటోలో ఫ్లాష్ ఎదురుగా కొట్టింది, నీడలు దాదాపు లేవు. అలాంటి ముఖం వెనక మిట్టమధ్యాహ్నం ఎండలో మెరిసే గోపురం పెడితే కుదరదు. మబ్బు పట్టిన రోజు తీసిన గోపురం వెతికాను. మనిషికి తగ్గ బ్యాక్‌గ్రౌండ్ వెతకాలి, బ్యాక్‌గ్రౌండ్ కోసం మనిషిని మార్చకూడదు.

రంగు కూడా అంతే. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్, నూనె దీపం వెలుగు 2000 కెల్విన్ దగ్గర. దీపాల మధ్య మనిషిని నిలబెట్టాలనుకుంటే ముఖానికి కొంచెం పసుపు వెచ్చదనం కలపాల్సిందే.

4. కెమెరా ఎత్తు కలవాలి

అమ్మమ్మని తీసినవాళ్లు నిలబడి, కాస్త కిందికి చూస్తూ తీశారు. గోపురం ఫోటోలు ఎక్కువగా కింది నుంచి పైకి తీసినవే. రెండూ పూర్తిగా కలవవు. అందుకే నడుము వరకే ఉంచి, గోపురాన్ని కొంచెం బ్లర్ చేశాను. పాదాలు కనిపించే ఫోటో అయితే, పాదం నేలని తాకే చోట సన్నటి ముదురు నీడ వేయండి. అది లేకపోతే మనిషి గాల్లో తేలినట్టుంటుంది.

5. ముఖం జోలికి వెళ్లకండి

ఫోటో మసకగా ఉందని ఒక ఏఐ యాప్‌లో పెట్టి చూశాను. చర్మం నున్నగా, కళ్లు మెరుస్తూ వచ్చాయి. అమ్మమ్మ గడ్డం మీద పచ్చబొట్టు మాత్రం మాయం. మరక అనుకుని తీసేసింది! ఆ యాప్ ఉన్నదాన్ని శుభ్రం చేయదు, లేనిదాన్ని ఊహించి గీస్తుంది. రోజూ పూలు పెట్టి దణ్ణం పెట్టుకునే ముఖం మసకగా ఉన్నా పర్లేదు, అది ఆమెదే అయి ఉండాలి. ఆ వెర్షన్ పక్కన పెట్టేశాను. ఇంకో మాట: ఆన్‌లైన్ సైట్లలో ఫోటో ముందు వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది. ఇంట్లో పిల్లల ఫోటోలకి మీ సిస్టమ్‌లోనే పనిచేసే సాఫ్ట్‌వేర్ వాడండి.

మనోరథమా, సాక్ష్యమా?

ఫ్రేమ్ చూసి ఒక బంధువు "కింద తిరుమల యాత్ర అని రాయించు, బాగుంటుంది" అన్నారు. నాకు మనసొప్పలేదు. నాథ్‌ద్వారా చిత్రం అబద్ధం కాదు, ఎందుకంటే చేయించుకున్నవాళ్లకీ చూసేవాళ్లకీ అది కోరిక అని తెలుసు. 'యాత్ర' అని రాస్తే మాత్రం అది సాక్ష్యం అయిపోతుంది. ఇంకో 20 ఏళ్లకి మా పిల్లలు చూసి, ముత్తమ్మమ్మ కొండకి వెళ్లొచ్చిందనుకుంటారు. వెళ్లాలని ఎదురుచూసి, వెళ్లలేకపోయిన మనిషి ఆవిడ. ఆ ఎదురుచూపుని మనం చెరిపేయకూడదు.

అమ్మ కూడా అదే అంది. ఫ్రేమ్ వెనక తనే రాసింది: "కొండకి వెళ్లాలన్నది అమ్మ కోరిక. ఈ పటం మేము చేయించాం." మీరు కూడా ఇలాంటి పటం చేస్తే వెనక ఒక వాక్యం, తేదీ రాయండి. ఒరిజినల్ ఫోటోని మాత్రం కుర్చీలతో, భుజంతో సహా అలాగే దాచండి. బతికున్నవాళ్ల ఫోటో అయితే ముందు వాళ్లని అడగండి.

ఈ ఆదివారం చిన్న హోమ్‌వర్క్. ఇంట్లో పెద్దవాళ్లని కిటికీ పక్కన, సాదా గోడకి రెండడుగులు ముందు కూర్చోబెట్టండి. ఫ్లాష్ ఆపేసి, కెమెరా వాళ్ల కళ్ల ఎత్తులో పెట్టి నాలుగు ఫోటోలు తీయండి. కటింగ్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి ఫోటో దొరకదు. కత్తిరించాల్సిన అవసరం రాకపోతే ఇంకా మంచిది.

శుభం.