లంకలో వన్యప్రాణి దర్శనం

శ్రీలంక విస్తీర్ణం సుమారు 65,610 చదరపు కిలోమీటర్లు. అడవి, చెరువు, కడలి చేరువగా ఉన్న ఈ ద్వీపంలో చిరుతపులి మొదలుకొని నీలి తిమింగలం వరకు ఒకే యాత్రలో చూసే భాగ్యం యాత్రికునికి లభిస్తుంది.

ఆగ్నేయ తీరాన ఉన్న యాల 1938లో జాతీయోద్యానమైంది. పెద్దపులి లేని ఈ అడవులలో చిరుతపులిదే ఆధిపత్యం. అయినా జీపులు గుంపుకట్టి చుట్టుముడితే అది పొదలలోకి మరలిపోతుంది.

అక్కడినుండి ఉత్తరంగా పయనిస్తే మిన్నేరియ చెరువు వస్తుంది. సుమారు 1,700 ఏళ్ల క్రితం మహాసేన మహారాజు దీనిని వరి సాగుకోసం నిర్మింపజేశాడు. ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో నీరు తగ్గి బయటపడిన నేలపై లేతపచ్చిక మొలుస్తుంది. దానిని మేయడానికి వందలాది ఏనుగులు తరలివస్తాయి. రైతుకు నీరిచ్చే చెరువే ఏనుగుకు మేతనిస్తున్నది. నీరు తగ్గనీయకపోతే పచ్చిక మునిగిపోతుంది. అప్పుడు ఆకలిగొన్న ఏనుగులు పొలాలపై పడతాయి.

దక్షిణ తీరంలోని మిరిస్స వద్ద ఒడ్డుకు కొద్ది దూరంలోనే సముద్రం లోతుగా ఉంటుంది. అందువల్ల నీలి తిమింగలాలు తీరానికి చేరువగా సంచరిస్తాయి. సరకు ఓడల దారి కూడా అదే కావడంతో ఓడలు ఢీకొని కొన్ని ప్రాణాలు కోల్పోతున్నాయి. 2022లో ఒక పెద్ద నౌకాసంస్థ తన ఓడలను మరింత దక్షిణంగా నడపసాగింది.

జీపును దూరంగా నిలపడం, చెరువు నీటిని వేళకు తగ్గనివ్వడం, ఓడ దారిని మళ్ళించడం – వీటన్నిటా ఉన్న ధర్మం ఒక్కటే. అది తోటి ప్రాణికి దారి విడవటం. ఆ ధర్మాన్ని పాటించినప్పుడే దర్శనం సార్థకమవుతుంది.