కృత్రిమ ఎంజైములు: ఒక రసాయన శాస్త్రజ్ఞుని బాట

అన్నపు ముద్దను కొంతసేపు నమిలి చూడండి, తియ్యదనము తెలుస్తుంది. లాలాజలములోని ఎంజైము పిండిపదార్థమును చక్కెరగా విడగొట్టినదన్నమాట. ఇదే పనిని ప్రయోగశాలలో చేయవలెనంటే ఆమ్లము కలిపి మరిగించవలసి వస్తుంది. శరీరపు వెచ్చదనముతోనే ఎంజైము దీనిని ఎట్లు సాధిస్తున్నది? ఇటువంటి ప్రశ్నల వెంట దశాబ్దాలపాటు నడచినవారు అమెరికాకు చెందిన కర్బన రసాయన శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ బ్రెస్లో (1931–2017).

హార్వర్డులో వుడ్‌వర్డ్ శిష్యుడై డాక్టరేటు పొందిన ఆయన 1956లో కొలంబియా విశ్వవిద్యాలయమున అధ్యాపకుడైనారు. అక్కడ ఆయన ముందుగా పరిశీలించినది ఎంజైమును కాదు, దానికి తోడ్పడే థయమిన్ అనే విటమినును. దంపుడు బియ్యములో నిలిచి, మరపట్టిన బియ్యములో తవుడుతోపాటు పోయే బి-1 విటమిను ఇదే. దీని అణువులో పని జరిగే చోటు ఏది? థయమినును భారజలములో ఉంచి చూడగా, దాని వలయములో గంధకమునకు, నత్రజనికి నడుమనున్న కర్బనము తన హైడ్రోజనును విడిచి డ్యుటీరియమును సులభముగా గ్రహించినది. కీలకము అక్కడనే ఉన్నదని ఆయన తేల్చినారు.

కాని విటమిను ఒక్కటే చాలదు. చర్య జరుగవలసిన అణువును పట్టి ఉంచే గూడు ఎంజైములో ఉన్నది. ఆ గూటి కొరకు బ్రెస్లో ఎన్నుకొన్నది సైక్లోడెక్స్‌ట్రిన్. పిండిపదార్థమునుండియే లభించే ఇది, ఆరేడు గ్లూకోజు భాగములు గుండ్రముగా కూడిన, అడుగులేని గిన్నె వంటిది. ఎనిసోల్ అణువునకు క్లోరినును చేర్చితే సాధారణముగా అది ఆర్థో, పారా స్థానములు రెండింటిలోను చేరుతుంది. ఎనిసోల్ ఈ గిన్నెలో ఒదిగినపుడు ఆర్థో స్థానములు మరుగుపడి, క్లోరిను దాదాపు పారా స్థానములోనే చేరినది. ఇది 1969 నాటి మాట. ఎంజైములకు గల ఎంపికశక్తి ఒక సామాన్యమైన అణువులో కనబడినది! ఇట్టి ప్రకృత్యనుకరణ రసాయన శాస్త్రమునకు 1972లో ‘బయోమిమెటిక్ కెమిస్ట్రీ’ అని పేరు పెట్టినవారు ఆయనే.

తరువాత ఆ గిన్నె అంచున రెండు ఇమిడజోల్ సమూహములను అమర్చినారు. రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైములో రెండు హిస్టిడిన్లు చేసే పనికి ఇది అనుకరణము. ఒకటి క్షారముగా, వేరొకటి ఆమ్లముగా కలిసి పనిచేసినవి. వేగములో మాత్రము ఇట్టి నమూనాలు ప్రకృతి ఎంజైములకు చాలా వెనుకబడినవి. అయినను ఎంజైములో సాధ్యపడని సౌకర్యమొకటి ఇందులో ఉన్నది: ఇమిడజోలుల నడుమ దూరమును మన ఇష్టానుసారము మార్చి చూడవచ్చును. ఆ రెండును పక్కపక్కన ఉన్నపుడే చర్య మిక్కిలి చురుకుగా సాగినది. దీనినిబట్టి అసలు ఎంజైము పనిచేయు తీరునే తిరిగి ఆలోచించవలెనని బ్రెస్లో ప్రతిపాదించగా, కొందరు శాస్త్రజ్ఞులు అంగీకరింపక వాదమునకు దిగినారు.