ఎజైలా, వాటర్‌ఫాలా: ముందు అడగాల్సింది మార్పు ఖరీదు

సాఫ్ట్‌వేర్ తయారీకి ఎజైల్, వాటర్‌ఫాల్ పద్ధతుల్లో ఏది మేలని ఇంటర్వ్యూలో అడిగితే ఫ్రెషర్లు చాలామంది క్షణం ఆలోచించకుండా ఎజైల్ అనేస్తారు. 2001లో యూటాలో 17 మంది కూర్చుని ఎజైల్ మ్యానిఫెస్టో రాశారు కాబట్టి అది కొత్తది, వాటర్‌ఫాల్ కాలం చెల్లినది అన్నది వాళ్ల లెక్క. నిజానికి 1970లో విన్‌స్టన్ రాయిస్ వాటర్‌ఫాల్ దశల బొమ్మ గీసిన వ్యాసంలోనే, వాటిని ఉన్నదున్నట్టు పాటిస్తే ప్రమాదమని హెచ్చరించారు. పరిశ్రమ బొమ్మను తీసుకుని హెచ్చరికను వదిలేసింది. తప్పు చేశాక దిద్దుకోవడానికి ఎంత ఖర్చవుతుంది, దిద్దుకునే అవకాశమైనా ఉంటుందా అన్నదాన్ని బట్టి పద్ధతిని ఎంచుకోవాలని నా వాదన.

అమెరికా ఎఫ్‌బీఐ అనుభవం చూడండి. కేసు ఫైళ్లను కంప్యూటర్‌లోకి తెచ్చే ఒక ప్రాజెక్టుకు 800 పేజీలకు పైగా రిక్వైర్‌మెంట్స్ రాశారు. పని మొదలయ్యాక కూడా అవి మారుతూనే పోయాయి. సుమారు 17 కోట్ల డాలర్లు ఖర్చయ్యాక 2005లో దాన్ని వదిలేశారు. తర్వాత వచ్చిన సెంటినెల్ కూడా మొదట వెనకబడింది. 2010లో ఎఫ్‌బీఐ పగ్గాలు తానే తీసుకుని, రెండేసి వారాల స్ప్రింట్లతో నడిపించి 2012లో పూర్తి చేసింది. ఇది ఎజైల్ గెలుపేనంటే సగం నిజం. అప్పటికే రాసిపెట్టుకున్న రిక్వైర్‌మెంట్స్‌నే ఆ బృందం చిన్న చిన్న యూజర్ స్టోరీలుగా విడగొట్టుకుంది. కాగితం పని వృథా కాలేదు, దాన్ని వాడే తీరు మారింది.

రాకెట్ విషయంలో ఇలా మధ్యలో దిద్దుకునే వెసులుబాటు ఉండదు. 1996 జూన్ 4న ఏరియేన్ 5 ఎగిరిన 40 సెకన్లలోపే పేలిపోయింది. ఏరియేన్ 4 నుంచి తెచ్చుకున్న కోడ్‌లో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చబోతే అది పట్టలేదు. దాన్ని వచ్చే స్ప్రింట్‌లో చూసుకుందామనడానికి వీల్లేదు. అయితే పకడ్బందీ డాక్యుమెంట్లున్న ప్రాజెక్టే అది. పాత రాకెట్ వేగానికి సరిపోయిన అంచనాను కొత్త రాకెట్ గమనంతో పరీక్షించలేదు. డిజైన్‌ను ముందే ఖరారు చేస్తే చాలదు, దాని వెనకున్న ఊహలను పరీక్షించాలి.

ఉద్యోగ ప్రకటనలన్నీ స్క్రమ్ తెలిసినవాళ్లు కావాలంటుంటే వాటర్‌ఫాల్ ఎందుకు నేర్చుకోవాలని మీరడగవచ్చు. స్టాండప్, రెట్రోస్పెక్టివ్, జిరా ఏ టీమ్‌లో చేరినా కొద్ది వారాల్లో వచ్చేస్తాయి. పరీక్షించడానికి వీలైన రిక్వైర్‌మెంట్ రాయడం అంత త్వరగా రాదు. విమానాలకు డీఓ-178సీ, కార్లకు ఐఎస్ఓ 26262, వైద్య పరికరాలకు ఐఈసీ 62304 ప్రమాణాలు ఉన్నచోట ప్రతి రిక్వైర్‌మెంట్‌నూ ఏ టెస్టు రుజువు చేసిందో చూపాలి. ఐఈసీ 62304 ఫలానా లైఫ్‌సైకిల్ మోడలే వాడమనదు, ఆధారాలడుగుతుంది. కాబట్టి ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో లాగిన్ స్క్రీన్‌ను స్ప్రింట్లకు వదిలేసినా, డబ్బు లెక్కలు, డేటాబేస్ స్కీమా లాంటివి ముందే కాగితం మీద తేల్చుకోండి. ఏది ఎందుకు ఖరారు చేశారో, ఏది ఎందుకు వాయిదా వేశారో రీడ్‌మీలో రాసి పెట్టండి. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న వచ్చినప్పుడు చూపించడానికి అదే పనికొస్తుంది.