హాలీ సిక్కా, కల్దారు: బాటసారి లెక్క

బెజవాడలో రైలెక్కి వరంగల్లులో దిగిన ప్రయాణికునికి భాష మారకపోయినా సంచిలోని రూపాయి మారవలసి వచ్చిన కాలమొకటి ఉండేది. నిజాం రాజ్యంలో చెలామణి అయిన నాణెం ‘హాలీ సిక్కా’. బ్రిటిషు ఇండియా రూపాయిని ఇక్కడివారు ‘కల్దారు’ అనేవారు. హాలీ అనగా ప్రస్తుతం చెల్లునదని అర్థం. కల్ అనగా యంత్రం కనుక కల్దారు యంత్రంపై అచ్చయినది. చిత్రమేమంటే, 20వ శతాబ్దిలో హాలీ రూపాయి సైతం చార్మినారు బొమ్మతో యంత్రంపైనే తయారైనది. పేరు మాత్రం పరాయి నాణేనికే నిలిచిపోయింది.

మారకపు రేటు 7 హాలీలకు 6 కల్దార్లు. ఇది ఏలికల ఇష్టానుసారం పుట్టిన అంకె కాదు. 1940కి పూర్వపు కల్దారు తులం తూగేది. అందు నూటికి సుమారు 92 పాళ్లు వెండి. హాలీ కొంత తేలిక. వెండి సుమారు 82 పాళ్లు. రెండింటిలోని అసలు వెండిని పోల్చి చూచినచో దాదాపు అదే నిష్పత్తి లభిస్తుంది.

ఇక బాటసారి లెక్క. కల్దార్లను హాలీలుగా మార్చుటకు ఆరవ వంతు కలపాలి. 50 కల్దార్లకు 58 రూపాయల 5 అణాల 4 పైసలు హాలీ వస్తుంది. రూపాయికి రూపాయిగా లెక్కించి సరుకు కొన్న అమాయకుడు ఆ ఎనిమిది రూపాయల పైచిలుకును అంగడిలోనే విడిచి వెళ్లినట్లే. తిరుగు ప్రయాణంలో మాత్రం ఆరవ వంతు తీసివేయరాదు. ఏడవ వంతు తీయాలి. 42 హాలీలకు 36 కల్దార్లు రావలసి ఉండగా, ఆరవ వంతు తీసి 35 చేతిలో పెడితే ఒక రూపాయి షరాబు పెట్టెలో మిగిలిపోతుంది. వినుటకు ఆ లెక్క న్యాయంగానే తోస్తుంది. ఇచ్చినప్పుడు ఆరవ వంతు కలిపితిని, పుచ్చుకొనునప్పుడు ఆరవ వంతు తీసితిని అంటే కాదనగలవారెందరు? పైగా వట్టం వేరు. గణితం తరగతిలో భిన్నాలంటే విసుగుపడే మన విద్యార్థులు ఈ ఒక్క రూపాయిని గురించి కొంచెం ఆలోచించాలి.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో వెండి కొరత ఏర్పడగా, 1918లో హైదరాబాదు ప్రభుత్వం 10, 100 రూపాయల నోట్లు వెలువరించింది. వాటిపై ఉర్దూతోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలోనూ విలువ ఉండేది. ప్రజల భాషలను గౌరవించిన పద్ధతి ఇది. అయితే బ్రిటిషు ఇండియా నోటుపైనా తెలుగు ఉండేది. రెండు కాగితాలపైనా తెలుగులో పది రూపాయలే. విలువ మాత్రం ఒకటి కాదు. అక్షరం వచ్చినవాడు సైతం నోటు ఏ ప్రభుత్వానిదో చూచుకొనవలసిందే.

1950లో భారత రూపాయి ఇక్కడ ప్రవేశించింది. 1959లో హాలీ పూర్తిగా రద్దయింది.

నూరు కల్దార్లకు హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైసలు. పెండ్లి కట్నాలలో నూటపదహార్లు చదివించే ఆచారం దీనినుండే పుట్టిందని జనశ్రుతి. కథ ముచ్చటగానే ఉన్నది. కాని హాలీ చెల్లని కోస్తా జిల్లాలలోనూ నూటపదహార్లే చదివిస్తారు కదా!