జాజ్ సంగీతం: న్యూ ఆర్లీన్స్ నుంచి స్వింగ్ యుగం దాకా

పాఠం 14

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- జాజ్ ఎక్కడ, ఏ పరిస్థితులలో పుట్టిందో చెప్పగలుగుతారు.
- తొలి జాజ్‌కూ స్వింగ్‌కూ గల తేడాను వివరించగలుగుతారు.
- ఈ సంగీతాన్ని తీర్చిదిద్దిన ముఖ్య కళాకారులను గుర్తించగలుగుతారు.
- ఒక కళలో శ్రమ ఎవరిది, పేరు ఎవరికి దక్కింది అని ఆలోచించగలుగుతారు.

14.1 పరిచయం

పెళ్ళి ఊరేగింపులో బ్యాండుమేళం మీరు వినే ఉంటారు. క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ములు అందులో ఉంటాయి. ఇంచుమించు ఇలాంటి వాయిద్యాలతోనే, 19వ శతాబ్దం ముగిసి 20వ శతాబ్దం మొదలయ్యే రోజులలో, అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో ఒక కొత్త సంగీతం రూపు కట్టింది. అదే జాజ్. దానిని ప్రధానంగా రూపొందించినవారు నల్లజాతివారు. వారిలో చాలామంది తాతలు, తండ్రులు బానిసలుగా బతికినవారే.

14.2 పుట్టిన ఊరు, కలిసిన పాయలు

న్యూ ఆర్లీన్స్ మిసిసిపీ నది ఒడ్డున ఉన్న రేవు పట్టణం. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో, ఆదివారాలలో, అక్కడి కాంగో స్క్వేర్ మైదానంలో బానిసలు గుమిగూడి ఆఫ్రికా పద్ధతిలో పాడేవారు, ఆడేవారు. 1865లో బానిసత్వం రద్దయింది. కాని సమానత్వం రాలేదు. 1892లో ఈ ఊరికే చెందిన హోమర్ ప్లెస్సీ తెల్లవారికి కేటాయించిన రైలు పెట్టెలో కూర్చున్నందుకు అరెస్టయ్యాడు. ఇరువురికీ వేరు వేరు పెట్టెలుండటం తప్పు కాదని 1896లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జాజ్ రూపు కట్టింది ఈ రోజులలోనే.

జాజ్‌లో ముఖ్యంగా నాలుగు పాయలు కలిశాయి:

(అ) పని పాటలు, చర్చి పాటలు: ఒకరు పాడితే మిగిలినవారు అందుకొంటారు. మన బుర్రకథలో కథకుడికి వంతలు అందుకొన్నట్లే.

(ఆ) బ్లూస్: కష్టసుఖాలు చెప్పుకొనే పాట. సాధారణంగా ఇందులో పన్నెండు తాళ భాగాలుంటాయి. మొదటి మాటనే రెండవసారి కూడా పాడి, మూడవసారి దానికి జవాబు చెబుతారు. బెస్సీ స్మిత్ (1894–1937) ఈ పాటలకు పేరుపొందిన గాయని.

(ఇ) రాగ్‌టైమ్: ఎడమచెయ్యి లెక్క తప్పకుండా నడుస్తుంటే, కుడిచెయ్యి దెబ్బను ఎడంగా వేసే పియానో సంగీతం.

(ఈ) వీధి బ్యాండ్లు: ఇవి పండుగలకూ, అంత్యక్రియలకూ వాయించేవి. శ్మశానానికి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా, తిరిగి వచ్చేటప్పుడు హుషారుగా వాయించడం అక్కడి ఆచారం.

14.3 తొలి జాజ్: అందరూ ఒకేసారి

తొలి జాజ్ బృందంలో అయిదు నుంచి ఏడుగురు ఉండేవారు. కార్నెట్ అనే పొట్టి బూర అసలు పాటను నడుపుతుంది. క్లారినెట్ దాని పైన అల్లికలు అల్లుతుంది. ట్రాంబోన్ కింది స్వరాలతో ఊతమిస్తుంది. పియానో, బ్యాంజో, డ్రమ్ములు నడకను నిలబెడతాయి.

కర్ణాటక సంగీత కచేరీలో స్వరకల్పన సమయంలో గాయకుడు, వయొలిన్ విద్వాంసుడు వంతులవారీగా తమ మనోధర్మం చూపుతారు. న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో ముగ్గురు ఊదేవారూ ఒకేసారి అప్పటికప్పుడు కల్పిస్తారు. ఎదుటివారిని వింటూ వాయించకపోతే అది గోలగా మారుతుంది.

*చేసి చూడండి:* 1, 2, 3, 4 అని సమానంగా లెక్కపెట్టండి. 1, 3 దగ్గర కాక, 2, 4 దగ్గర చప్పట్లు కొట్టండి. లెక్క కుదిరాక ప్రతి అంకెనూ రెండు ముక్కలు చేసి, మొదటిది పొడవుగా, రెండవది పొట్టిగా "తా–క, తా–క" అనండి. ఆ ఊగులాటే స్వింగ్.

14.4 రికార్డు చెప్పినది, చెప్పనిది

న్యూ ఆర్లీన్స్‌లో తొలి జాజ్ నాయకుడుగా ఎక్కువమంది చెప్పే పేరు బడ్డీ బోల్డెన్ (1877–1931). కార్నెట్ వాయించేవాడు. 1907లో మతి చలించి ఆసుపత్రిలో చేరి, మరి బయటికి రాలేదు. అతని వాయిద్యం వినిపించే రికార్డు ఒక్కటి కూడా మిగలలేదు.

తొలి జాజ్ రికార్డు 1917లో వెలువడింది. దానిని వాయించిన ఒరిజినల్ డిక్సీల్యాండ్ జాస్ బ్యాండ్‌లోని అయిదుగురూ తెల్లవారే. నల్లజాతి బృందాలలో పేరెన్నికగన్న కింగ్ ఆలివర్ బృందం రికార్డు చేసింది 1923లో. రికార్డులను మాత్రమే చూస్తే జాజ్‌ను పుట్టించినవారు ఎవరని మీరు అనుకొంటారు? చరిత్ర చదివేటప్పుడు దొరికిన ఆధారాన్నే కాదు, దొరకని దానిని కూడా గుర్తుంచుకోవాలి.

14.5 లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ (1901–1971)

ఆర్మ్‌స్ట్రాంగ్ పేద ఇంట పుట్టాడు. చిన్ననాడే బడి మానేశాడు. కొత్త సంవత్సరపు సంబరంలో పిస్తోలు పేల్చినందుకు 1913లో అతన్ని బాలల గృహానికి పంపారు. అక్కడి బ్యాండులో కార్నెట్ వాయిస్తూ దానికి నాయకుడయ్యాడు. 1922లో షికాగో వెళ్ళి ఆలివర్ బృందంలో చేరాడు.

1925–28 మధ్య అతను హాట్ ఫైవ్, హాట్ సెవెన్ అనే చిన్న బృందాలతో చేసిన రికార్డులు జాజ్ దారి మార్చాయి. అందరూ కలిసి అల్లే పద్ధతి వెనక్కి తగ్గింది. ఒక్కడే నిలబడి, కథ చెప్పినట్లు, కొత్త స్వరాలు కల్పించడం ముందుకు వచ్చింది. మాటలు లేకుండా గొంతుతో స్వరాలు పలికే 'స్కాట్' గానానికి కూడా అతను ప్రచారం తెచ్చాడు.

14.6 స్వింగ్ యుగం (సుమారు 1935–1945)

నాట్యశాలలు పెద్దవయ్యాయి. బృందాలు కూడా పన్నెండు, పదహారు మందికి పెరిగాయి. ఇంతమంది ఒకేసారి కల్పిస్తే కుదరదు. కనుక ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సఫోన్లు మూడు వరుసలుగా ఏర్పడ్డాయి. ఎవరు ఎప్పుడు వాయించాలో ముందే రాసి ఉంచేవారు. ఒక వరుస పలికితే మరొక వరుస జవాబిస్తుంది. నడుమ ఒక్కొక్కరికి సొంత కల్పనకు చోటు ఉంటుంది. పని పాటల నాటి పిలుపు–జవాబు ఇక్కడ కాగితం మీదికి ఎక్కింది.

ఈ పద్ధతికి బాట వేసినవారు న్యూయార్క్‌లో ఫ్లెచర్ హెండర్సన్, డాన్ రెడ్‌మన్. డ్యూక్ ఎల్లింగ్టన్ (1899–1974) తన బృందంలోని ఒక్కొక్కరి నాదాన్ని దృష్టిలో పెట్టుకొని రచనలు చేశాడు. కాన్సాస్ సిటీ నుంచి వచ్చిన కౌంట్ బేసీ (1904–1984) చిన్న చిన్న స్వరగుచ్ఛాలను మళ్ళీ మళ్ళీ పలికించి ఊపు తెచ్చాడు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ చిక్ వెబ్ బృందంతో పాడి పేరు తెచ్చుకొన్నది.

14.7 వేదిక మీద ఎవరు? ఎదుట ఎవరు?

ఎల్లింగ్టన్ బృందం 1927 నుంచి న్యూయార్క్‌లోని కాటన్ క్లబ్బులో వాయించింది. వేదిక మీద నల్లజాతి కళాకారులు. ఎదుట కూర్చొనే హక్కు తెల్లవారికే. అదే నగరంలో 1926లో తెరిచిన సవాయ్ నాట్యశాలలో మాత్రం ఇరువురూ కలిసి నాట్యం చేసేవారు.

1935లో లాస్ ఏంజిలిస్‌లోని పాలొమార్ నాట్యశాలలో బెన్నీ గుడ్‌మన్ (1909–1986) అనే తెల్లజాతి క్లారినెట్ విద్వాంసుడి బృందం ఉర్రూతలూగించింది. స్వింగ్ యుగం అక్కడ మొదలైందని చాలామంది రాస్తారు. కాని ఆ బృందం వాయించిన రచనలలో ముఖ్యమైనవి హెండర్సన్‌వి. సొంత బృందం నిలవక, అతను వాటిని గుడ్‌మన్‌కు ఇచ్చాడు. గుడ్‌మన్ తన వంతు మేలు కూడా చేశాడు. నల్లజాతివారైన టెడ్డీ విల్సన్‌ను, లయొనెల్ హాంప్టన్‌ను తన పక్కన వేదిక మీద కూర్చోబెట్టాడు. ఆనాడు అది అరుదు.

1939లో బిల్లీ హాలిడే నల్లజాతివారిని ఉరితీసే మూకల దౌర్జన్యంపై ఒక పాట రికార్డు చేసింది. నాట్యానికే అనుకొన్న సంగీతం నిలదీయగలదని కూడా చూపింది.

14.8 మన దేశంలో జాజ్

1930లలోనే అమెరికా నల్లజాతి బృందాలు బొంబాయి తాజ్ మహల్ హోటల్‌లో వాయించాయి. పియానో విద్వాంసుడు టెడ్డీ వెదర్‌ఫర్డ్ 1945లో కలకత్తాలో మరణించాడు. గోవా సంగీతకారులు జాజ్‌ను హిందీ సినిమాకు చేర్చారు. సి. రామచంద్ర సంగీతమిచ్చిన 'అల్బేలా' (1951)లో ట్రంపెట్ విద్వాంసుడు చిక్ చాకొలేట్ పాలు ఉంది.

14.9 సారాంశం

జాజ్ న్యూ ఆర్లీన్స్‌లో నల్లజాతివారి జీవితం నుంచి వచ్చింది. మొదట అందరూ కలిసి కల్పించారు. ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ఒక్కరి కల్పన ముందుకు వచ్చింది. స్వింగ్‌లో రాసిన రచన, అప్పటి కల్పన కలిశాయి. తలుపులు మూసిన సమాజం కూడా ఆ పాటను వినక తప్పలేదు. అయితే విన్నంత మాత్రాన పాడినవారికి న్యాయం జరగలేదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. తొలి జాజ్ రికార్డు వెలువడిన సంవత్సరం ______.
2. న్యూ ఆర్లీన్స్ పద్ధతిలో అసలు పాటను నడిపే వాయిద్యం ______.
3. పాలొమార్‌లో గుడ్‌మన్ బృందం వాయించిన ముఖ్య రచనలు ఎవరివి?
4. మీ ప్రాంతంలో డప్పు, సన్నాయి లేదా బ్యాండు వాయించేవారిని ఒకరిని కలవండి. ఎవరి దగ్గర నేర్చుకొన్నారో, వేడుకలో వారికి ఎక్కడ కూర్చొనే చోటు ఇస్తారో అడిగి, పది వాక్యాలలో రాయండి.

జవాబులు: 1. 1917. 2. కార్నెట్. 3. ఫ్లెచర్ హెండర్సన్‌వి. 4. ఇది మీ సొంత జవాబు.